ఎన్నేళ్ళు పాలు త్రాగుదాం?

వాక్యభాగము: హెబ్రీ 5:11 నుండి 6:3 వరకు



హెబ్రీ పత్రిక వ్రాసిన దైవజనుడు మెల్కీసెదెకు సంగతి చెప్పబోయి మధ్యలో ఆగిపోతాడు. చెప్పవలసింది చాలా ఉంది గానీ మీకు వివరించడం కష్టంగా ఉంది అంటాడు. ఆ కష్టం విషయములో లేదు, విన్నవారి చెవుల్లో ఉంది. వారి చెవులు మందగించాయి. తరువాతి మాట మరీ సూటిగా ఉంటుంది. గడిచిన కాలాన్ని బట్టి చూస్తే ఈపాటికి మీరే ఇతరులకు నేర్పేవారై ఉండాలి, అలాంటిది మీ చేతనే ఎవరో ఒకరు మళ్ళీ ఓనమాలు దిద్దించవలసి వస్తోంది, అన్నం తినే వయసులో పాలకోసం చూస్తున్నారు అన్నది 5:12లో ఆయన బాధ.

ఆయన కాలాన్ని లెక్కపెట్టాడు, గమనించండి. మనమూ లెక్కపెడతాము. గల్ఫ్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే "ఏ ఊరు?" అన్న తరువాత వచ్చేది "వచ్చి ఎన్నేళ్ళయింది?" అనే ప్రశ్నే. ఆ లెక్క మనకు పక్కాగా తెలుసు, ఎందుకంటే దానితో డబ్బు ముడిపడి ఉంది. సౌదీ లేబర్ చట్టం ప్రకారం మొదటి 5 సంవత్సరాలకు ఏడాదికి అరనెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున సర్వీసు డబ్బు వస్తుంది. కొత్తగా ఒక్క పనీ నేర్చుకోకపోయినా ఏళ్ళు గడిస్తే ఆ మొత్తం పెరుగుతుంది. మన ఆత్మీయ జీవితాన్ని కూడా ఇలాగే లెక్క వేసుకుంటున్నామేమో అని నా అనుమానం. "నేను బాప్తిస్మము తీసుకుని ఇరవై ఏళ్ళయిందండీ" అంటాము. మంచిదే. కానీ ఇరవై ఏళ్ళ క్రితం ఇంట్లో ఏ మాటకు కోపం వచ్చేదో ఇప్పటికీ ఆ మాటకే వస్తుంటే, అప్పుడు ఏ మనిషిని చూసి ముఖం తిప్పుకున్నామో ఇప్పటికీ తిప్పుకుంటుంటే, ఆ ఇరవై ఏళ్ళు ఎక్కడికి పోయినట్టు? దేవుని యెదుట సర్వీసు డబ్బు అలా పోగుపడదు.

పరిపక్వత అనే మాట వింటేనే కొందరికి భయం. తెలుగు బైబిలులో చాలాచోట్ల "సంపూర్ణులు" అని ఉండటం చూసి, ఒక్క పొరపాటూ లేని మనిషి కావాలేమో, అది మనవల్ల అయ్యే పని కాదులే అని వదిలేస్తారు. గ్రీకులో ఆ మాట తెలెయోస్. పండవలసినంత పండిన పండుకు, పెరిగి పెద్దవాడైన మనిషికి, చేరవలసిన చోటికి చేరినదానికి ఆ మాట సరిపోతుంది. ఫిలిప్పీ 3వ అధ్యాయములో పౌలు ఒక విచిత్రం చేస్తాడు. 12వ వచనములో నేనింకా సంపూర్ణుడను కాలేదు అంటాడు. 15కు వచ్చేసరికి, మనలో సంపూర్ణులైనవారు ఇలా ఆలోచించాలి అంటాడు. రెండుచోట్లా ఆ మాట ఒకే వేరు నుండి పుట్టింది. అంటే ఇంకా చేరలేదని తెలిసినవాడే పెద్దవాడు! దమస్కు దారిలో ప్రభువును కలిసిన సుమారు పాతికేళ్ళకు, సంకెళ్ళలో ఉండి వ్రాసిన మాటలివి. మన కూడికల్లో నాకింకేమీ నేర్చుకోవలసింది లేదన్నట్టు కూర్చునేవారు ఈ రెండు వచనాలను పక్కపక్కన పెట్టుకుని చదువుకోవాలి.

మరి ఎదగడం ఎలా? 5:14 చూడండి. బలమైన ఆహారం ఎవరికి తగినదంటే, మేలేదో కీడేదో తెలుసుకోవడానికి అభ్యాసముచేత తమ జ్ఞానేంద్రియాలను సాధన చేసుకున్నవారికి. ఆ సాధన అనే చోట వాడిన గ్రీకు మాట నుండే జిమ్నాసియం అనే మాట వచ్చింది. మన కుర్రవాళ్ళు డ్యూటీ దిగి రాత్రి పదింటికి కూడా జిమ్‌కు పోతున్నారు కదా, ఆ జిమ్ అన్నమాట. జిమ్ వీడియోలు ఏడాదిపాటు చూసినా చేతికి కండ రాదు, బరువు ఎత్తితేనే వస్తుంది. మనం వాక్యము వినని రోజు లేదు. బస్సులో ఫోను, వంట చేస్తూ ఫోను, పడుకునేముందు ఫోను. ఒక వారంలో మనం వింటున్నన్ని ప్రసంగాలు మన తాతలు ఏడాదిలో కూడా విని ఉండరు. విన్నదాంట్లో ఎంత బరువు ఎత్తాము?

ఇక్కడ కొంచెం నిలుద్దాం. మేలు కీడు తెలుసుకోవడం అంటే దొంగతనం తప్పు, వ్యభిచారం తప్పు అని తెలియడం కాదు. అది పాల తరగతి, సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఎక్కడా పేరు పెట్టి వ్రాయని సంగతుల దగ్గర మన వివేచన బయటపడుతుంది.

ఆజాద్ వీసా సంగతి చూడండి. కఫీలు దగ్గర వీసా తెచ్చి ఊళ్ళో అమ్మితే మధ్యలో మంచి లాభం. అందరూ చేస్తున్నదే. కొనేవాడు అప్పు చేసి కొంటాడు, పొలం తాకట్టు పెడతాడు, ఇక్కడికి వచ్చాక పని లేక, పట్టుబడతానేమో అన్న భయంతో బ్రతుకుతాడు. అమ్మిన మనిషి శుక్రవారం కూడికలో దశమభాగం ఇస్తాడు. వీసాలు అమ్మరాదు అనే వచనం బైబిలులో లేదు, నిజమే. కానీ ఆ అప్పుచేసిన తల్లి ముఖం గుర్తుకొచ్చి, ఈ లాభం నాకొద్దు అని చెప్పగలిగినవాడికి వచనం అవసరం లేదు. వాడి జ్ఞానేంద్రియాలు సాధన అయి ఉన్నాయి.

జుబైల్, యాన్బు ప్లాంట్లలో పనిచేసే సహోదరులకు ఇంకొకటి తెలుస్తుంది. షట్‌డౌన్ సమయం, పైన సూపర్‌వైజరు తొందరపెడుతున్నాడు. గ్యాస్ టెస్ట్ కాగితం ఇంకా చేతికి రాలేదు. పర్మిట్ మీద సంతకం పెట్టేస్తే పని మొదలవుతుంది, నూటికి తొంభైతొమ్మిది సార్లు ఏమీ కాదు. లోపలికి దిగేది నేపాలీవాడో బెంగాలీవాడో. ఆ కలం పట్టుకున్న రెండు నిమిషాలే ఆ సహోదరుని ఆత్మీయ స్థాయి. ఆదివారం పాట ఎంత బాగా పాడాడన్నది (మనకిక్కడ ఆదివారం శుక్రవారమే లెండి) ఆ తరువాత సంగతి.

ఇళ్ళల్లో పనిచేసే మన గోదావరి జిల్లాల, కడప జిల్లా అక్కచెల్లెళ్ళ సంగతి వేరు. చాలామందికి సెలవు రోజంటూ లేదు, కూడికకు రాలేరు. రాత్రి అందరూ పడుకున్నాక వంటగదిలో ఫోను తీసి పది నిమిషాలు వాక్యము వింటారు. కసురుకునే యజమానురాలి బిడ్డకు జ్వరం వస్తే రాత్రంతా మేల్కొని తడిగుడ్డ వేస్తారు. వారికి ఏ సంఘములోనూ పదవి లేదు. వారిని చూసి జాలిపడటం మనకు అలవాటయింది. నేననేదేమంటే, వారిలో కొందరి దగ్గర మనం నేర్చుకోవాలి.

పసితనానికి ఇంకొక గుర్తు ఎఫెసీ 4:14లో ఉంది. వీచే ప్రతి బోధ గాలికీ కొట్టుకుపోవడం. యూట్యూబులో ఒక ప్రవక్తగారు వస్తారు. ఈ నెలలోపు నీకు కొత్త వీసా, ఫలానా నంబరుకు విత్తనం పంపు అంటారు. విత్తనం అంటే రియాళ్ళు. క్యాంపులో ఆరుగురు ఒక గదిలో ఉండి, పప్పూ అన్నంతో సరిపెట్టుకుని కూడబెట్టిన డబ్బు అలా పోతోంది. పంపినవాణ్ణి నేను నిందించను, వాడు కష్టంలో ఉన్నాడు. వాడి పక్క మంచం మీద పదిహేనేళ్ళ విశ్వాసి ఉండి, ఆ బోధ వాక్యానుసారం కాదని చెప్పలేకపోతే మాత్రం ఆ పదిహేనేళ్ళను గురించి అడగవలసి ఉంటుంది.

1 కొరింథీ 3లో పౌలు మరో గుర్తు చెబుతాడు. మీలో అసూయ, కలహము ఉన్నాయి, ఒకడు నేను పౌలువాణ్ణి అంటాడు, మరొకడు నేను అపొల్లోవాణ్ణి అంటాడు, అందుకే మీకు పాలే పోయవలసి వచ్చింది అన్నది అక్కడి సంగతి. మన కూడికల్లో లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్‌ఐవాళ్ళు, బ్రదరన్లు, పెంతెకొస్తువాళ్ళు ఒకే చాప మీద కూర్చుంటారు. ఊళ్ళో అయితే వేరువేరు వీధుల్లో ఉండేవాళ్ళు. ఇది దేవుడు మనకిచ్చిన అరుదైన అవకాశం, దానిని పాడుచేసుకోవడానికి మనం చాలా కష్టపడుతున్నాము. తలకు ముసుగు దగ్గర, భాషల దగ్గర, ఎవరు ప్రభువు బల్ల ఇవ్వాలన్న దగ్గర విడిపోతాము. పైకి సిద్ధాంతమని చెబుతాము గానీ, లోపల చాలాసార్లు ఉండేది ఊరు, జిల్లా, కులం. ఈ మాట పత్రికలో వ్రాయాలా అని ఎవరైనా అడగవచ్చు. పౌలు వ్రాశాడు కదా.

"ఇక్కడ పాస్టరుగారు లేరు, చర్చి లేదు, బహిరంగంగా పాడుకునే వీలు లేదు, ఈ ఎడారిలో ఎదుగుదల ఎక్కడండీ? ఎగ్జిట్ కొట్టి ఇంటికి వెళ్ళాక ప్రభువు పని చూసుకుంటాము" అనేవారు ఉన్నారు. వారు గలతీ 1:17 చదవాలి. ప్రభువు పట్టుకున్న వెంటనే పౌలు యెరూషలేములోని పెద్దల దగ్గరకు వెళ్ళలేదు. అరేబియాకు వెళ్ళాడు, మళ్ళీ దమస్కుకు వచ్చాడు. పేతురును కలిసింది మూడేళ్ళ తరువాత. ఆ కాలంలో అరేబియా అంటే ముఖ్యంగా నబతీయుల రాజ్యం. 2 కొరింథీ 11:32లో పౌలును పట్టుకోవడానికి దమస్కులో కావలి ఉంచిన అధిపతి అరెత రాజు క్రిందివాడు. ఆ అరెత నబతీయుల రాజు, క్రీ.పూ. 9 నుండి క్రీ.శ. 40 వరకు ఏలాడు. వారి రాజధాని ఇప్పటి జోర్డానులోని పెట్రా. దక్షిణాన వారి పెద్ద పట్టణం హెగ్రా, మనం ఈద్ సెలవుల్లో చూసి ఫోటోలు దిగి వచ్చే అల్ ఉలా దగ్గరి మదాయిన్ సాలిహ్ అదే. 2008లో యునెస్కో జాబితాకెక్కిన అక్కడి 111 సమాధుల్లో కొన్నిటి మీద అరెత ఏలుబడిలోని సంవత్సరాలు చెక్కి ఉన్నాయి.

పౌలు ఏ ఊరికి వెళ్ళాడో లేఖనము చెప్పదు, అక్కడ ఏమి చేశాడో కూడా చెప్పదు. చెప్పకపోవడమే నాకు ఓదార్పు. అపొస్తలుల కార్యముల్లో ఆ కాలానికి ఒక్క వచనం కూడా దక్కలేదు. ఆ తరువాత కూడా తార్సులో కొంతకాలం మరుగునే ఉన్నాడు, బర్నబా వెతుక్కుంటూ వెళ్ళి అంతియొకయకు తెచ్చేవరకు. పేరులేని ఏళ్ళు, ఎవరూ చూడని ఏళ్ళు, వాటిలోనే ఆ మనిషి తయారయ్యాడు. మన పది పన్నెండేళ్ళు కూడా అలాంటివే కావచ్చు. ఎగ్జిట్ తరువాత ఎదుగుదామని అనుకునేవాడు అక్కడికి వెళ్ళాక పిల్ల పెళ్ళి తరువాత అంటాడు, ఆ తరువాత మోకాళ్ళ నొప్పులంటాడు.

పాస్టరు లేకపోవడం విషయానికి వస్తే, తెలుగు సంఘ చరిత్రనే చూద్దాం. ఒంగోలు ప్రాంతములో సువార్త వ్యాపించింది కేవలం క్లౌ దొరగారి వల్లనే అనుకుంటాము. 1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి. వ్యాపారానికి తిరిగిన పల్లెల్లోనే తన వారికి క్రీస్తును చెప్పాడు. దొరగారు వెళ్ళేసరికి అక్కడ నమ్మినవారు ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చినప్పుడు కూడా నీళ్ళలో నిలబడి ఇచ్చింది తెలుగు బోధకులే. ఎఫెసీ 4:12లో కాపరుల పని పరిశుద్ధులను సిద్ధపరచడం, పరిచర్య చేయవలసింది ఆ పరిశుద్ధులు. మనమేమో ఒక్కరిని నియమించుకుని, ఆయన చేస్తుంటే చూసి, బాగా చేశాడా లేదా అని మార్కులు వేస్తున్నాము.

ఈ పాఠం సౌదీలోని సహవాసాలకు 2017 తరువాత బాగా అర్థమయింది. ఆ ఏడాది జూలై నుండి ఇకామాలో ఉన్న ప్రతి డిపెండెంటుకూ నెలకు 100 రియాళ్ళ ఫీజు పెట్టారు, ఏటా 100 చొప్పున పెంచుతూ 2020కి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200. చాలా కుటుంబాలు ఇంటికి వెళ్ళిపోయాయి. కుటుంబాలతో పాటు పాటలు నడిపించే అక్కలు, సండేస్కూలు చెప్పే చెల్లెళ్ళు, కూడికకు తలుపు తెరిచే ఇళ్ళు వెళ్ళిపోయాయి. అలాంటప్పుడు కూడికలో ఎవరు మిగిలారు, మిగిలినవారిలో ఎవరు లేచి నిలబడ్డారు అన్నది బయటపడుతుంది. ముప్పయి ప్రసంగాలు నోట్సు వ్రాసుకున్నవాడు నోరు తెరవలేకపోవచ్చు, చెప్పులు సర్దే తమ్ముడు లేచి ప్రార్థన చేయవచ్చు. డిపెండెంటు అనేది ఇకామాకు సంబంధించిన మాట. విశ్వాసములో ఇంకొకరి కార్డు మీద బ్రతకడం ఎంతకాలం సాగుతుంది?

అంతకు ముందు సంవత్సరం, 2016 జూలైలో, జెద్దాలో వేలమంది భారతీయ కార్మికులకు నెలల తరబడి జీతాలు ఆగిపోయి తిండికి కూడా కష్టమయింది. కాన్సులేటువారు, జెద్దాలోని భారతీయులు కలిసి క్యాంపులకు బియ్యం, పప్పులు చేర్చారు. అందులో అన్ని మతాలవారూ ఉన్నారు. క్రైస్తవుని పరిపక్వతకు బియ్యం బస్తా మోయడం కూడా ఒక పరీక్షే అని యాకోబు 2వ అధ్యాయము చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కష్టం దానంతట అదే మనిషిని పండించదు. ఈ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే గల్ఫ్ కష్టం అనుభవించి మెత్తబడినవారున్నారు, అదే కష్టంలో గట్టిపడి ఎవరినీ నమ్మకుండా అయినవారూ ఉన్నారు. యాకోబు 1:2-4 శోధన ఓర్పును పుట్టిస్తుందని, ఓర్పు తన పని పూర్తిచేయనిస్తే మనం సంపూర్ణులమవుతామని చెబుతుంది. పూర్తిచేయనివ్వాలి, మధ్యలో లేచిపోకూడదు. అల్ అహ్సాలో 25 లక్షల ఖర్జూర చెట్లున్నాయి. మనం బయట కాలు పెట్టలేని జూన్, జూలై, ఆగస్టు ఎండల్లోనే ఆ కాయలు పచ్చదనం పోయి, పసుపెక్కి, రుతబ్ అయి, చివరకు తమర్ అవుతాయి. ఎండ అన్ని చెట్లకూ ఒకటే. వేరు కింద నీరున్న చెట్టుకు గెలలు పండుతాయి, నీరు అందని చెట్టు అదే ఎండకు మాడుతుంది. ఖర్జూర చెట్టుకు పాదాలు నీళ్ళలో, తల నిప్పుల్లో ఉండాలని అరబ్బులు అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు ఎక్కేముందు బైబిలు తెరిచే అలవాటు ఉన్నవాడికి ఆ నీళ్ళ సంగతి తెలుసు.

ఒకే గెలలో కూడా కాయలన్నీ ఒకేసారి పండవు. పండినవి పండినట్టు విడతలుగా కోస్తారు. మన సహవాసములో పక్కవాడు ఇంకా పచ్చిగా ఉన్నాడని విసుక్కునేవారికి రోమా 15:1 ఉంది, బలవంతులు బలహీనుల బలహీనతలను భరించాలి.

మన పిల్లల గురించి ఒక మాట. ఇక్కడి ఇండియన్ స్కూలులో పన్నెండవ తరగతి అయ్యాక వారిని ఇండియాకు పంపిస్తున్నాము. పద్దెనిమిదేళ్ళకు హైదరాబాదులోనో, చెన్నైలోనో, హాస్టల్లో ఒంటరిగా ఉంటారు. తెలుగు బైబిలు చదవడం చాలామందికి రాదు. ఇన్నేళ్ళూ మన కూడికల్లో వెనుక గదిలో బొమ్మలకు రంగులు వేస్తూ కూర్చున్నారు. నాన్న ఎందుకు వీసా కమీషన్ వద్దన్నాడో, అమ్మ ఎవరిని ఎందుకు క్షమించిందో వారితో ఎవరూ కూర్చుని చెప్పలేదు. హాస్టల్లో మొదటి సెమిస్టరులో వారికి అవసరమయ్యేది ఆ కథలే. చెప్పడానికి ఇంకా టైము ఉన్న తల్లిదండ్రులు ఈ వారమే చెప్పండి, ఇంగ్లీషులోనైనా సరే.

ఈ వ్యాసం చదువుతున్న సహవాసాల పెద్దలకు ఒక మనవి చేస్తాను. వచ్చే శుక్రవారం ఇప్పటివరకు ఒక్కసారి కూడా వాక్యము చెప్పనివారిని ఒకరిని ఎంచుకోండి. డ్రైవరు కావచ్చు, నర్సు కావచ్చు, ఏసీ మెకానిక్ కావచ్చు. హెబ్రీ 6:9-12 ఇచ్చి, ఫోనులో ఏ ప్రసంగమూ వినకుండా, నాలుగుసార్లు చదివి, పది నిమిషాలు చెప్పమనండి. ప్రతివారం చెప్పే పెద్దలు ముందు వరుసలో కూర్చుని నోట్సు వ్రాసుకోండి. ఆ మనిషి తడబడితే తడబడనివ్వండి. కూడిక అయ్యి, టీ త్రాగడం పూర్తయ్యేవరకు ఎవరూ తప్పులు చెప్పవద్దు.